ఊరందరి మాట, ఒక్క ఇంటి పని



గోదావరీనది తూర్పు కనుమల కడపటి వరుసను దాటి, పాపికొండల ఇరుకునుండి వెలువడి, మైదానమున అడుగిడు చోట మా పోలవరమున్నది. పూర్వము ఏజెన్సీ అడవుల టేకు దుంగలును వెదుళ్లును తెప్పలుగా కట్టబడి, మా రేవుల మీదుగా రాజమహేంద్రవరమునకు దిగిపోయెడివి. డెల్టాలోని మండువా లోగిళ్ల దూలములలో, ద్వారబంధములలో ఆ అడవి కలప ఎంత చేరినదో లెక్క కట్టుట కష్టము. నేడు మా ఊరి ప్రక్కనే పోలవరము జలాశయపు ప్రాజెక్టు లేచుచున్నది. ముందుగా 41.15 మీటర్ల కాంటూరు లోపలి గ్రామములు, ఆ వెనుక 45.72 మీటర్ల పూర్తి నీటిమట్టమునకు లోబడు గ్రామములు ఖాళీ కావలసి యున్నవి. వాని జనము పునరావాస కాలనీలలో క్రొత్త గోడల నడుమ క్రొత్త కాపురములు పెట్టుచున్నారు. వారు గాక, పైరు మీదనో, పిల్లలు విదేశములనుండి పంపిన పైకము మీదనో పాత పెంకుటిండ్లను విప్పి డాబాలు వేసికొనువారును మా ప్రాంతమున తక్కువ కారు. అనగా ఇండ్లను గూర్చి జనులు విశేషముగా ఆలోచించుచున్న కాలమిది. ఇంటి లోపలి అమరికయే వృత్తిగా గల నా వంటివారికి పని గల కాలమిది.

ఇంటీరియర్ డిజైనర్ అని మమ్ము పిలుచుచున్నారు. ఈ పనితోపాటు, తెలిసిన నాలుగు మాటలను పత్రికలలో వ్రాయుటయు, ఇట్లు ఆకాశవాణిలో పలుకుటయు నాకు అలవాటైనది. ఈ రెండు పనులు ఒకరి చేతిలో కలిసినప్పుడు ఒక చిక్కు పుట్టును. బహిరంగముగా మాటలాడువానిని లోకము తనవానిగా భావించును. అది ఆదరమే, కాదనను. కాని ఆ ఆదరము పెరిగిన కొలదిని, అతని కాలము, అతని కొలబద్ద, అతని నిద్ర గూడ ఊరుమ్మడి సొత్తు అను భావము ప్రబలును. వృత్తిజీవికి హద్దు లెచ్చట నుండవలెను, వానినెవరు గీయవలెను అనునదే నేటి ప్రసంగ విషయము.

మన పూర్వులకు ఈ చిక్కు లేదు. ఇల్లు కట్టువేళ సిద్ధాంతిగారు వచ్చి శంకుస్థాపనకు ముహూర్తము పెట్టెడివారు. ఆయనకు సంభావన ముట్టెడిది. తాపీమేస్త్రి కూలి తాపీమేస్త్రిది. వడ్రంగి ద్వారబంధమెత్తిన నాడు క్రొత్త బట్టలు, తాంబూలము, దక్షిణ పళ్లెములో పెట్టి యిచ్చెడివారు. నాగళ్లు చెక్కి బండిచక్రములు బాగుచేసినందులకు కళ్లములో అతనికి మేర ధాన్యమెటులును కొలిచియిచ్చెడివారు. ఎవరికేమి చెల్లవలెనో ఊరంతయు నెరిగియుండెడిది. ఎవరును అడుగ నక్కరలేదు, అడిగించుకొన నక్కరలేదు. కాని ఇంటి లోపలి సొగసును జూచుకొన్నవారెవరు? అరుగు నలికి, గోడలకు సున్నమేసి, గడపకు పసుపు పూసి, ముంగిట ముగ్గు దిద్ది, అటకమీది ఇత్తడిని, గూటిలోని దీపమును తీరుగా నుంచిన ఇల్లాలు. ఆమెకు ఎవరును కూలి ఇయ్యలేదు, మేర కొలువలేదు. ఇంటి అమరికకు వెల యున్నదని నేటికిని మనవారికి తోచకపోవుటకు ఇది మూలమని నా నమ్మకము. తలుపు చేసిన వడ్రంగికి బేరమాడియైనను పైకమిత్తురు. తలుపెచ్చట నుండవలెనో చెప్పినదానికి, ముఖ్యముగా చెప్పినది స్త్రీయైనచో, కాఫీ యిచ్చి పంపుదురు.

అట్లని రుసుము లేకయే బహిరంగముగా చెప్పునది ఏమియు ఉండరాదా? ఉండవలెను. వైద్యుడు రేడియోలో జ్వరమును గూర్చి పలుకుట యొకటి, రోగి నాడి పట్టుకొని మందు వ్రాయుట యొకటి. మొదటిదానికి రుసుమడుగుట అసహ్యము, రెండవదానికి అడుగకపోవుట అవివేకము. మా పనిలో ఇది ఎట్లుండునో చెప్పెదను. నదీతీరమున గాలిలో తేమ ఎక్కువ. శ్రావణ భాద్రపదములలో గోడలు చెమర్చును. 1986 ఆగస్టు వరదను, 2022 జులై వరదను చూచిన లంకలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కావున వంటింటి అరలకు ఐ.ఎస్. 303 గుర్తు గల సామాన్యపు ప్లైవుడ్ చాలదనియు, నీటి తడికోర్చు ఐ.ఎస్. 710 గుర్తు గలదే తెచ్చుకొనుడనియు, ఆ గుర్తు పలకమీద ముద్రగా నుండునో లేదో దుకాణముననే చూచుకొనుడనియు నేనెందరికైనను, ఎన్ని మారులైనను చెప్పుదును. వంట గట్టు వండువారి మోచేతికి సుమారు నాలుగంగుళములు క్రిందుగా నుండవలెనని చెప్పుదును. చెక్క అరను గోడకంటించి బిగింపక వెనుక గాలి ఆడునట్లు కొంచెము సందు విడువుడని చెప్పుదును. ఇవి ఏ ఒక్కరివియు కావు. వీనిని దాచుకొనుట నాకు చేతగాని పని.

కాని ఒక ఇంటిలో గట్టు ఏ గోడకు చేరవలెను, ఆ గోడలో ముందే పోయిన నీటిగొట్టమెచ్చటనున్నది, ఆ ఇంటి ముసలమ్మ కూర్చుండి కూరలు తరుగునా నిలుచుండి తరుగునా, మధ్యాహ్నపుటెండ ఏ కిటికీనుండి పొయ్యిమీద పడును, ఉన్న పైకమున ఏది ముందు చేయించి ఏది వచ్చే ఏటికి వాయిదా వేయవలెను అను ప్రశ్నలకు ఉత్తరము ఏ ప్రసంగములోను ఉండదు. పోయి చూడవలెను, కొలువవలెను, ఇంటివారితో కూర్చుండి వినవలెను, తిరిగి వచ్చి గీయవలెను, గీసినది నచ్చకున్న చెరిపి మరల గీయవలెను. ఆ పనికి బాధ్యత యున్నది. అర వంగినను, తలుపు గొళ్లెము పడకపోయినను జవాబు చెప్పవలసినవాడు గీసినవాడే. బాధ్యత ఎచ్చట మొదలగునో రుసుమచ్చట మొదలగును. నాకు తెలిసిన హద్దు ఇదియొక్కటే, తక్కినవన్నియు దీనినుండి పుట్టినవే.

తెలుగునాట ప్రశ్నలకు బహిరంగముగా బదులిచ్చినవారిలో మాలతీ చందూర్‌గారిని తలపక తప్పదు. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనము’ శీర్షికను ఆమె నాలుగు దశాబ్దులకు పైగా నిర్వహించిరి. వంట మొదలు చదువు వరకు, ఆరోగ్యము మొదలు మనోవ్యథ వరకు పాఠకులు అడుగనిది లేదు. పత్రికలో అచ్చైన సమాధానము ఒక్కరు అడిగినదైనను వేలమంది చదువుకొనునదిగా నుండవలెను. అట్టి శీర్షిక అంతకాలము నిలిచినదన్న, ప్రశ్నించినవారి ఇంటిలో దూరక, వారి ప్రశ్నలోని అందరి భాగమునకే బదులిచ్చు నేర్పు అందులో నుండియుండవలెనని నా ఊహ. బహిరంగముగా పలుకువారికి అది మంచి కొలమానము.

ఇక మా ఊరి సంగతి. శివరాత్రికి పట్టిసము వీరభద్రస్వామి గుడికి పోవు రేవున పడవకొరకు జనము క్రిక్కిరిసియున్న వేళ, తడిబట్టలతో నిలుచున్న పెద్దామె యొకతె నన్ను గుర్తుపట్టి, “అమ్మాయీ, రేడియోలో మాటాడేది నువ్వే కదూ? మా వంటింట్లో గట్టు ఏ గోడకి పెట్టించమంటావే?” అని అడుగును. వీరభద్రస్వామి దర్శనమునకు ముందు వంటింటి దర్శనము కావలసి వచ్చును. పెండ్లి పందిరిలో పంక్తిని కూర్చుండగా, వరుసకు బాబాయి యగు నొకాయన జేబునుండి ఫోను తీసి, “ఒక్క మాటేనమ్మా, ఈ హాలు కాస్త చూసి చెప్పిపో” అనును. ఆ ఒక్క మాట హాలునుండి పడకగదికి, పడకగదినుండి ఫాల్స్ సీలింగునకు, దానినుండి వియ్యపురాలి ఇంటి ఫాల్స్ సీలింగునకు ప్రాకి, విస్తరిలో పులుసు చల్లారువరకు సాగును. పట్టణమున అపరిచితుని తప్పించుకొనుట సులభము. పల్లెలో అడుగువారందరును అత్తయ్యలు, బాబాయిలు, వదినలు. మన తీరమున మర్యాదకు కొరత లేదు. ‘ఆయ్, అలాగేనండీ’ అనుట పెదవిమీదనే యుండును. ఆ ‘అలాగే’ యే వృత్తిజీవిని ముంచును.

ఇందులకు కోపము మందు కాదు, తప్పించుకొని తిరుగుట అంతకంటెను కాదు. ఫోను ఎత్తకపోవుట, ‘రేపు చూద్దాము’ అని ఏడాది గడుపుట హద్దు గీయుట గాదు. అవతలివారిని హద్దెచ్చటనో తెలియని చీకటిలో నిలుపుట. నేనిట్లు చెప్పుదును: “అత్తయ్యా, గట్టు ఎంత ఎత్తుండాలో అందరికీ చెప్తాను, మీకూ చెప్పాను. ఏ గోడకి పెట్టాలన్నది మాత్రం ఇల్లు చూడకుండా చెప్తే మీకే నష్టం. వచ్చి చూస్తే అది నా పని అవుతుంది, దానికి ఇంత రుసుము ఉంటుంది.” ఆ ‘ఇంత’ దగ్గర గొంతు తగ్గింపరాదు. అంకెను గొణుగువాడు తానే ఆ అంకెను నమ్మనట్లు కనబడును. కొందరు “ఎంత మారిపోయిందర్రా!” అని నొచ్చుకొందురు. నొచ్చుకొననిండు. నిజముగా ఇల్లు చేయించుకొనదలచినవారు మాత్రము ఆ మాటకు కొంచెము నిదానించి, “ఎప్పుడొస్తావు?” అని అడుగుదురు, ఊసుపోక అడిగినవారు పులుసు పోసికొందురు. రెండును మంచి ఫలితములే.

ఉచితముగా చేయవలసిన పనియు నున్నది. ప్రాజెక్టు కొరకు ఊరు విడిచి కాలనీ ఇంటికి వచ్చినవారు సలహా అడిగినచో నేను రుసుము పుచ్చుకొనను. కాని అదియును ముందుగా నోరు తెరచి చెప్పి చేయవలసినదే: ఇది ఉచితము, ఇందులో ఇంతవరకు చూచెదను, చేయించుట మీ వంతు అని. హద్దు లేని ఉచితము రెండవ నెలకు హక్కుగా మారును, మూడవ నెలకు ఫిర్యాదుగా మారును.

ఈ వృత్తి పుట్టిన దేశములలో గూడ వ్రాతయు పనియు మొదటినుండి పెనవేసికొనియే యున్నవి. న్యూయార్కు నగరమున ఎల్సీ డి వుల్ఫ్ అను వనిత నటన విడిచి ఇండ్ల అలంకరణను వృత్తిగా గైకొని, 1907లో తెరచిన కాలనీ క్లబ్బు లోపలి అమరికతో పేరు గడించెను. ఆమె పేర పత్రికలలో వెలువడిన వ్యాసములే 1913లో ‘ది హౌస్ ఇన్ గుడ్ టేస్ట్’ అను గ్రంథమైనవి. ఆ వ్యాసములను కూర్చిన చేయి మాత్రము రూబీ రాస్ గుడ్‌నౌ అను మరియొక వనితది; ఆమెయు పిమ్మట స్వయముగా పేరెన్నికగన్న అలంకర్త యయ్యెను. ఆ వ్యాసములను ఎందరో ఇల్లాండ్రు చదువుకొనిరి. అదే కాలమున ఉక్కు వ్యాపారపు కుబేరుడు ఫ్రిక్ తన భవనపు పైయంతస్తు గదులకు ఎల్సీని నియోగించెను. చదివినవారికి పత్రిక వెల చాలినది. పిలిపించుకొన్నవాడు పిలిపించుకొన్నందులకు వేరుగా చెల్లించెను. మన దేశమున ఆర్కిటెక్టు లారీ బేకర్ మహాశయుడు (1917–2007) తన చేతివ్రాతతో, తన బొమ్మలతో, తక్కువ ఖర్చున ఇల్లు కట్టు ఉపాయములను చిన్న పుస్తకములుగా లోకమున కిచ్చివేసెను. ‘ర్యాట్ ట్రాప్ బాండ్’ అను ఇటుక కట్టుబడి ఎట్లో, ఏ పూత అనవసరమో ఎవరైనను చదివి తెలిసికొనవచ్చును. అయినను ఆయన తానుగా కట్టిన ఇండ్లకు ఆ స్థలమునకే పోయి, ఆ చెట్టును, ఆ వాలును, ఆ ఇంటివారిని చూచి, తాపీవారితోపాటు నిలిచి కట్టించెను. పుస్తకము లోకమునకు, ఉనికి ఇంటికి.

ఇప్పుడు అప్రియమైన విషయము: కమీషను. ప్లైవుడ్ దుకాణమువాడు, టైల్సు వాడు, దీపముల వాడు, గృహస్థుని తీసికొనివచ్చినవానికి వెనుకనుండి కొంత ముట్టజెప్పుట ఈ వ్యాపారమున అందరెరిగిన రహస్యము. ఆ పైకము ఆకాశమునుండి రాలదు, గృహస్థుని బిల్లులోనిదే. ఆర్కిటెక్టులకు ఈ విషయమున శాసనమున్నది. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము ఆ బిరుదును నమోదైనవారికే పరిమితము చేసినది. 1989లో వెలువడిన వృత్తి ప్రవర్తన నియమములు, పని తెప్పించుకొనుటకై కమీషనులు, కానుకలు ఇచ్చి పుచ్చుకొనుటను, మరియొక ఆర్కిటెక్టు చేతిలోని పనిని తన్నుకొనిపోవుటను నిషేధించినవి. ఇంటీరియర్ డిజైనరను పేరునకు అట్టి చట్టపు కంచె లేదు. ఎవరైనను రేపు ఉదయము బోర్డు కట్టుకొనవచ్చును. కంచె లేనిచోట మన హద్దు మనమే గీసికొనవలెను గదా!

బహిరంగముగా పలుకువారి విషయమున ఇది మరింత సూక్ష్మము. నేను ఫలానా కంపెనీ రంగు మంచిదని మైకు ముందు పలికి, ఆ కంపెనీ యిచ్చిన డబ్బాలతో మా ఇంటి గోడలు వేయించుకొన్నచో, శ్రోత విన్నది సలహా గాదు, ప్రకటన. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో వెలువరించిన మార్గదర్శకములు, అమ్మువారితో సంబంధము గలవారు ఆ సంబంధమును వెల్లడి చేసియే వస్తువును మెచ్చుకొనవలెనని విధించినవి. 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, పెడదారి పట్టించు ప్రకటనను సమర్థించినవారికి 10 లక్షల రూపాయలవరకు, తిరిగి చేసినచో 50 లక్షలవరకు జరిమానా పడవచ్చును. జంగారెడ్డిగూడెపు దుకాణములో చేతులు మారు చిన్న కవరును ఈ చట్టము పట్టుకొనునని నేను భ్రమపడను. నా పద్ధతి నాది: సరకు గృహస్థుడే కొనును, బిల్లు ఆయన పేరనే యుండును, దుకాణమువాడు తగ్గించదలచిన దేదైనను ఆ బిల్లులోనే తగ్గించును. దీనివలన నా రుసుము కొంత హెచ్చుగా కనబడుట నిజమే. అది కనబడు రుసుము, అంతే భేదము.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేయు హద్దు వేరొకటి యున్నది. మా వృత్తివారము ఇంటి పడకగది చూతుము, బీరువా ఎచ్చట గోడలో దాగునో చూతుము, దేవుని గది చూతుము, అత్తాకోడండ్ర గదుల నడుమ తలుపు ఎందులకు మూయించుచున్నారో చూతుము. ఆ వెనుక అదే ఇంటి ఛాయాచిత్రములను నలుగురికి చూపి, ‘ఇది నా పని’ అని చాటుకొనుటకు చేయి ఉవ్విళ్లూరును. చాటుకొననిదే క్రొత్త పని రాదు కూడ. కాలనీలలో మునుపటి ఊరి ద్వారబంధమును పెరికి తెచ్చి క్రొత్త సిమెంటు గోడకు బిగించుకొన్న ఇండ్లున్నవి. దూలములను, పెంకులను, గుమ్మపు చెక్కడములను ట్రాక్టర్లపై వేసికొని వచ్చిరి. కెమేరాకు అంతకంటె అందమైన వస్తువు దొరకదు. వినువారి కంట తడిపెట్టించు కథయు దానితో సిద్ధముగనే యున్నది. అయినను ఆ గుమ్మము వారి తాతలది, ఆ దుఃఖము వారిది. నేను దానిని క్రొత్త గోడలో వంకర లేక నిలబెట్టించితిని, అంతవరకే నాది. చిత్రము తీయుటకు గాని, ఆ ఇంటి కథను చెప్పుటకు గాని వారి అనుమతి కావలెను; అదియు పని సగములో, పైకము బాకీయుండగా, మొగమాటమున ‘సరే’నను వేళ గాక, పని ముగిసి లెక్క తీరి, వారు నన్ను వెళ్లిపొమ్మనగల స్థితిలో నున్నప్పుడు అడుగవలెను. అందుచేతనే నేడు నేను చెప్పిన మాటలలో ఏ ఇంటి గుర్తును లేదు.

మేస్త్రులతో, సిద్ధాంతులతో హద్దును గూర్చి రెండు మాటలు చాలును. గృహస్థుడు వాస్తు నమ్మినచో, అది ఆయనయు సిద్ధాంతిగారును తేల్చుకొనవలసిన విషయము. తేల్చిన పిదప నాకు చెప్పినచో దానికి తగినట్లు గీసెదను. నడుమ దూరి తర్కింపను. మేస్త్రి కట్టిన గోడ వంకరయైనచో గృహస్థుని ముందు గాక మేస్త్రికే చెప్పుదును. అతని కూలీల ముందు అతనిని చులకన చేసి సాధించు గోడ ఏదియు లేదు.

శ్రోతలారా, ఇంతవరకు మావారికి చెప్పవలసినది చెప్పితిని. ఇక మీకొక విన్నపము. ఇంటి లోపలి పనికి ఎవరినైనను పిలిచినప్పుడు, గుమ్మము దాటనిచ్చిన తరువాత, గోడలు చూపకమునుపే నాలుగు ప్రశ్నలడుగుడు: మీ రుసుమెంత, ఎన్ని మారులు వత్తురు, సరకెవరు కొందురు, మా ఇంటి బొమ్మలను ఎవరికి చూపుదురు? జవాబులను ఒక కాగితముపై వ్రాయించి, ఇరువురును సంతకము చేయుడు. వచ్చినది మీ మేనకోడలైనను సరే, కాగితము తరువాతనే కాఫీ యిండు.